అమ్మకు వదిలిన కుర్చీ

నా చిన్నప్పుడు అమ్మ ముఖం నాకు కొద్దికొద్దిగా చెరిగిపోతూ వచ్చింది. అప్పటికి ఆవిడ పోయి ఏడాది దాటింది. తల దువ్వేటప్పుడు మెడకు తగిలే గాజులు గుర్తున్నాయి గానీ, కళ్ళు మూసుకుంటే ముఖం నిలిచేది కాదు. పైకి చెబితే ఉన్న కాస్తా పోతుందేమోనని, దేవుడి గూటి ముందు మాత్రమే చెప్పుకునేదాన్ని.

ఇంట్లో అమ్మది ఒక్కటే ఫోటో, పెళ్ళి గ్రూపుది. అందులో బాసికంతో తల వంచుకుని కూర్చుని ఉంది. గోడకు పెట్టుకోవడానికి ఒకటి ఉండాలని నాన్న, మా మేనత్తనూ నన్నూ వెంటబెట్టుకుని గవర్నర్‌పేటలో ఒక స్టూడియోకు వెళ్ళారు. ఆ రోజుల్లో పోయినవాళ్ళను పాత ఫోటోలోంచి కత్తిరించి కొత్తదాంట్లో అతికించి ఇచ్చేవారు. అందుకని ఫోటోగ్రాఫరు గారు నాన్నను కూర్చోబెట్టి, నన్ను మధ్యలో నిలబెట్టి, తనకు ఎడమవైపున్న కుర్చీ ఖాళీగా ఉంచారు.

"అటు జరక్కమ్మా, అది మీ అమ్మ చోటు," అన్నారు.

అమ్మ వస్తుందనుకున్నాను. కదిలితే రాదేమోనని ఊపిరి బిగబట్టి, ఆ కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. దీపాల వేడికి కొయ్య వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.

ఫోటో వచ్చింది. వంచిన తల ఎత్తించారు. బాసికం తీసేసి, వాల్చిన రెప్పల చోట కుంచెతో కళ్ళు దిద్దారు. నాన్న చాలాసేపు చూసి బాగుందన్నారు. నాకు మాత్రం అమ్మ కుర్చీలో ఎవరో కూర్చుని, నా తల మీదుగా ఎటో చూస్తున్నట్టుంది. నా చెయ్యి ఆవిడ చీర కింద మాయమైపోయింది. ఇక ఎప్పుడు కళ్ళు మూసుకున్నా ఆ కుంచె కళ్ళే. అన్నానికి కూర్చున్నా ఆ గోడకు వీపు తిప్పి కూర్చునేదాన్ని.

అది మేనత్త కనిపెట్టింది. ఏమైందని అడిగితే, ఆవిడ అమ్మ కాదత్తయ్యా అన్నాను. కోప్పడలేదు, అమ్మేనని నచ్చజెప్పనూ లేదు. మర్నాడు బస్సెక్కి వెళ్ళి, అతికించకముందున్న ఫోటో ప్రింటు వేయించి తెచ్చింది. నాన్న, నేను, ఖాళీ కుర్చీ, దాని మీద నా చెయ్యి.

"గోడ మీదది మీ నాన్నది. పాపం, ఆయనకి అది కావాలి. ఇది నీది. ఇందులో మీ అమ్మని ఎవరూ దిద్దలేదే," అంది.

ముఖం వెంటనే రాలేదు. చాలా రోజులకు, వత్తులు చేసుకుంటూ ఆ ఫోటో చూస్తుంటే, పక్కకు తిరిగి నవ్వే అమ్మ చెంప ఒక్కటి కనిపించింది. అంతే. ఆ కాస్తా ఇప్పటికీ ఉంది.

చదువంతా ఇంట్లోనే సాగిన నేను, ఈ వయసులో మనవరాలి పోరు పడలేక ఫోటోగ్రఫీ క్లాసులో చేరి మొదటిసారి బెంచీ మీద కూర్చున్నాను. ఎవరి ఫోటోల్లో ఏది ఎక్కడ ఉంచారో, ఆ కూర్పు గురించి వాళ్ళే రాసుకు రమ్మన్నారు. మంగళగిరిలో మగ్గం ముందు కూర్చున్న ఆవిడ, కృష్ణ ఒడ్డున మెట్ల మీద పూలమ్మే పిల్ల, తీసినవన్నీ పరుచుకుని చూస్తే అన్నిట్లోనూ ఎడమవైపు ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. మా మాస్టారు చిన్నవాడు. అక్కడ కట్ చేస్తే ఫోటో బిగువుగా ఉంటుంది కదమ్మా అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. కట్ చేయబోయాను, వేలు కదల్లేదు.

కెమెరా నొక్కే ముందు నేనిప్పటికీ ఊపిరి బిగబడతాను. ఒక చెయ్యి దానంతటదే కాస్త పక్కకు చాచుకుంటుంది. ఒక్కోసారి వేళ్ళకు వెచ్చగా తగులుతుంది. మేనత్తను తలుచుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, అప్పుడు నొక్కుతాను.