పాలు ఆగిపోయిన ఏడు

నా కొడుకుకు నేను పాలిచ్చింది నిండ ఐదు నెలలు గూడ గాదు. వాడిప్పుడు మూడో తరగతి. మంచిగనే ఉన్నడు, ఉరుకుతడు, దుంకుతడు, చెప్పిన మాట ఇనడు. అయినా బస్సుల ఎవలన్న తల్లి కొంగు చాటున బిడ్డకు పాలిచ్చుకుంట కూసుంటె నా సూపు కిటికీ దిక్కు తిరుగుతది. ఎందుకాగిపోయినయని అప్పట్ల అందరు అడిగిండ్రు. ఒక్కొక్కలకు ఒక్కో జవాబు చెప్పిన. ఏదీ అబద్ధం గాదు. ఏదీ పూర నిజం గూడ గాదు.

మా తల్లిగారిది ఆలంపూర్ దిక్కు, తుంగభద్రకు దగ్గర ఊరు. అత్తగారిది నకిరేకల్‌కు, రామన్నపేటకు నడిమిల ఉన్న పల్లె. ఎవుసం చేసుకునే ఇల్లు. తెలంగాణ వచ్చిన కొత్తల నా పెండ్లయింది. అంతకుముందే బీఎడ్ చేసి ఉంటి కాబట్టి, నకిరేకల్‌ల ఒక ప్రైవేటు బడిల టీచరుగ చేరిన. తొలి కాన్పు కదా అని ఏడో నెలల నాయిన వచ్చి నన్ను తల్లిగారింటికి తీసుకపోయిండు.

పెద్దాపరేషన్ అయింది. మత్తు దిగెదాంక పిల్లగాన్ని చూసిందే లేదు. దిగినంక కుట్ల నొప్పికి పక్కకు ఒరుగుడే కష్టమైతుంటె, వాన్ని రొమ్ముకు ఎట్ల పట్టుకోవాల్నో తెల్వలె. పాలు పడలేదు, ఇంక పడయేమోనని వార్డుల ఒకరికి తోడు ఇంకొకరు అన్నరు. మా అమ్మ మాత్రం ఫికర్ చెయ్యలె. నా ఎనుక దిండ్లు పెట్టి, వాని మొఖం నా దిక్కు తిప్పి పట్టుకొని, వాడు ఇడిచిపెట్టినప్పుడల్లా మళ్ల అందిచ్చుకుంట కూసున్నది. ఇంటికి వచ్చినంక బాలింతలకు పెట్టే కాయం ముద్దలు, ఎల్లిపాయ కారం, ఉడుకుడుకు అన్నం పెట్టింది. మెల్లగ పాలు చేపుకొచ్చినయి. గుటక గుటకకు వాని చెవులు కదులుతుంటె నేను గదే చూసుకుంట కూసుందును.

మా అమ్మ నాకు మాటలొచ్చి, ఎదురు మాట్లాడెదాంక పాలిచ్చిందట. పల్లికాయ చేన్ల పనికి పోతె నన్ను గట్టు మీద పండబెట్టి, ఏడిస్తె వచ్చి ఇచ్చి, మళ్ల సాలులకు పోయేదట. నేను గూడ గట్లనే ఇస్తననుకున్న. వేరే తీరుగ అయితదని నా మతికే రాలె.

మూడో నెల నడుస్తుంటె బడి నడిపే సారు ఫోన్ చేసిండు. ముందుగాల పిల్లగాని సంగతి అడిగిండు, నా పానం ఎట్లున్నదని అడిగిండు. ఆఖరుకు, పదో తరగతికి లెక్కలు చెప్పేటోళ్లు లేరమ్మా, నువ్వు రాకపోతె వేరేటోళ్లను చూసుకోక తప్పదన్నడు. ప్రైవేటు బడిల కాన్పు సెలవు అంటె గంతే. ఉద్యోగం మనకోసరం ఆపి పెడితె అదే గొప్ప.

గా ఏడు మా బోరు ఎండిపోయింది. పెట్టిన పత్తి పెట్టినట్టే మాడిపోతె, మా ఆయన పక్క ఊరోళ్ల ట్రాక్టరు మీద డ్రైవరుగ పోతుండె. బడికి పోవాల్నని నాతోని ఎవ్వలు అనలె. మమ్ముల చూడవచ్చినప్పుడు మా ఆయనను అడిగితె, నీ ఇష్టం అని నేల చూసిండు. అత్తమ్మను ఫోన్ల అడిగితె, పిల్లగాన్ని నేను చూసుకుంట గదా అన్నది. మా అమ్మ ఒక్కతే, ఇంకో రెండు నెలలు ఆగరాదు బిడ్డా అన్నది. ఆగుడు నా చేతుల ఉంటె ఆగకపోదునా. అమ్మ ఇంటికాడ ముసలి అవ్వ మంచంల ఉండె. ఆమెను ఇడిచిపెట్టి మా అమ్మ నా ఎంట రాలేకపాయె. పిల్లగాన్ని ఎత్తుకొని అత్తగారింటికి వచ్చిన.

పొద్దుగాల పాలిచ్చి ఆటో ఎక్కితె, తిరిగి ఇల్లు చేరెసరికి పొద్దూకేది. నడిమిల వానికి బర్రెపాలు. అత్తమ్మ నీళ్లు కలిపి కాగబెట్టి సీసల పోసి తాగిచ్చేది. ఇక్కడ బడిల పగటీలి, అన్నాల యాళ్లకల్లా నా రొమ్ములు రాళ్లోలె గట్టిపడేటివి. చెయ్యి లేపి బోర్డు మీద రాస్తె సలుపేది. ఎక్కడన్న చిన్న పిల్ల ఏడిస్తె చాలు, చేపుకొచ్చి రయికె తడిసేది. పైట నిండ కప్పుకొని, పుస్తకం అడ్డం పెట్టుకొని పాఠం చెప్పిన. అన్నం బెల్లుల బాత్రూంలకు పోయి పిండుకుంటుంటి. మోరిల పోతున్న పాలు చూడలేక కండ్లు మూసుకుందును. గిన్నెల పిండి ఇంటికి తీసుకపోదామంటె, పిండిన పాలు పిల్లగానికి పొయ్యొద్దని అత్తమ్మ ఒప్పుకోలె. ఒప్పుకున్నా ఆ ఎండకు సాయంత్రం దాంక ఆగేటివి గావు.

పగటీలి జరసేపు ఇంటికి పోయి వస్తనని సారును అడిగిన. చెడ్డ మనిషి గాదు. నీ ఒక్కదానికిస్తె అందరికియ్యాలె గదమ్మా అని తల గోక్కున్నడు. ఒకసారి అత్తమ్మతోని పిల్లగాన్ని బడికే తెప్పిచ్చుకున్న. ఇద్దరిని స్టాఫ్ రూంల ఫ్యాను కింద ఉంచి, ఖాళీ దొరికినప్పుడు ఉరికి ఇచ్చిన. వచ్చుడుపోవుడుల ఆటో దుమ్ముకు వానికి దగ్గు పట్టింది. ఇంక తీసుకరానని అత్తమ్మ కచ్చితంగ చెప్పింది. ఆమె అన్నదాంట్ల తప్పేం లేకుండె.

ఇంటికి రాంగనె చెప్పులు ఇడిచి వాన్ని అందుకుంటుంటి. అత్తమ్మ ఆపేది. ఎండల తిరిగొచ్చిన పాలు ఉడుకు చేస్తయి, ముందుగాల పిండి పారబొయ్యి అనేది. పారబోసినంక ఇస్తె, ఏం రాకపోయేసరికి వాడు చీకి చీకి ఏడుస్తుండె. సీసల పాలు ధారగ వస్తయి గదా. ఒకనాడు నోటికి అందియ్యంగనె మొఖం అటు తిప్పి, నడుము ఇరిచి, నన్ను రెండు చేతుల తోటి నూకిండు. నవ్వులాటకు అనుకున్న. మళ్ల ఇచ్చిన, మళ్ల నూకిండు. అత్తమ్మ పోయి సీస తెచ్చింది. గటగట తాగి నా దిక్కు చూసి నవ్విండు. వానికి నా మీద కోపమేం లేదు. నేను కావాలె, పాలే అక్కర లేవు.

సీసపాలకు కడుపు చెడింది. వాంతులు, విరేచనాలతోటి పిల్లగాడు వాడిపోయిండు. నల్లగొండ దవాఖానల చేర్పిచ్చినం. డాక్టరమ్మ చిన్న వయసామె, నెమ్మదిగనే చెప్పింది. సీస ముట్టనియ్యకు, నీ పాలే ఇయ్యి, ఆర్నెల్లు నిండెదాంక నీళ్లు గూడ వద్దన్నది.

"నేను పొద్దంత ఇంటికాడ ఉండ మేడం. ఎట్లియ్యాలె?" అన్న.

ఆమె చెయ్యి కాయితం మీద ఆగింది. నా మొఖం చూసింది, నా ఎనుక నిలవడ్డ తల్లులను చూసింది. "ఎట్లనన్న చూడమ్మా," అన్నది.

వానికి తక్కువైంది. ఇంటికి తెచ్చుకున్నం. మళ్ల బడికి పోవుడు మొదలువెట్టిన.

మా కొట్టంల పెండ తీసి, చేన్లకు కూలికొచ్చే ఒకామె ఉండె. చర్చి గల్లీల ఉంటరు. నా కంటె చిన్నది, అప్పటికే ఇద్దరు పిల్లలు. చిన్నపిల్ల నా కొడుకు కంటె జర పెద్దది, తల్లి సంకల ఉండుకుంటనే పని చూస్తుండె. ఆమె కొట్టం దాటి మా ఇంట్లకు వచ్చింది నేను ఎన్నడు చూడలె. రావద్దని ఎవలన్నా అన్నది గూడ ఇనలె. గట్లనే నడుస్తుండె.

ఒకనాడు నకిరేకల్‌ల బందు పెట్టిండ్రు. పిల్లలను తొందరగ పంపిచ్చి మమ్ములను గూడ పొమ్మన్నరు. పగటీలికే ఇల్లు చేరిన. వాకిలి దగ్గరికి ఏసి ఉన్నది. నూకి లోపటికి పోతె, నడి ఇంట్ల గోడకు ఒరిగి చర్చి గల్లీ ఆమె కూసున్నది. ఆమె ఒళ్లె నా కొడుకు. కండ్లు మూసుకొని తాగుతుండు, చెవులు కదులుతున్నయి. ఆమె బిడ్డ పక్కన చాప మీద నిద్రపోతాంది. అత్తమ్మ వాకిలి పక్కన పీట ఏసుకొని కూసున్నది, ఎవలన్న వస్తరేమోనని. నన్ను చూసి లేసి నిలవడ్డది.

"ఎన్ని దినాల సంది అత్తమ్మా?"

"దవాఖాన కెళ్లి వచ్చినకాంచి," అన్నది. "సీస పెడితె వాంతి చేస్తుండు. గొంతు పోయెటట్టు ఏడుస్తుండు. నేనేం చెయ్యాల్నో చెప్పు." వాకిలి దిక్కు చూసి, "ఊర్ల ఎవలకు చెప్పకు," అన్నది.

చర్చి గల్లీ ఆమె పైట సవరిచ్చుకుంట వాన్ని ఇడిపియ్యబోయింది. వాడు ఇడువలె.

"ఏమనుకోకు టీచరక్కా. గుక్కపట్టి ఏడుస్తుంటె కొట్టంల నా పని సాగలె. నాకే చేపుకొచ్చింది," అన్నది.

నాకు గూడ గప్పుడే చేపుకొచ్చింది. రయికె తడుస్తుంటె రెండు చేతులు కట్టుకొని నిలవడ్డ. ఇటియ్యి, నేనిస్త అందామనుకున్న. నేను తీసుకుంటె తాగుతడన్న నమ్మకం లేకుండె. వద్దందామంటె, వాడు గంత నెమ్మదిగ తాగంగ చూసి శాన రోజులైంది. గోడకు ఒరిగి నిలవడ్డ. వాడు కడుపు నిండి వాడే ఇడిచిపెట్టెదాంక వాని చెవులే చూసిన. తర్వాత ఆమె వాన్ని నా చేతులకిచ్చి, తన బిడ్డను సంకకేసుకొని ఎనుక దిక్కు కెళ్లి కొట్టంలకు పోయింది.

మా అత్తమ్మ ఆ మనిషిని నడి ఇంట్లకు పిలిచిందంటె ఎంత కష్టమొచ్చి పిలిచిందో నాకెరికె. ఆ ముచ్చట మా ఆయనకు గూడ చెప్పలె. తెల్లారి మళ్ల ఆటో ఎక్కిన. బడిల బాత్రూంల పిండుకుంటుంటె, ఈ టైముకు వాడు ఆమె ఒళ్లె ఉంటడని మతికొచ్చేది. వాని కడుపు నిండుతున్నదని నిమ్మళం. నా కడుపుల మాత్రం సన్నగ మంట. ఆమె మీద గాదు. ఎవల మీదనో తెల్వకనే మరింత రందయ్యేది.

ఆదివారాలు మటుకు పట్టువదలలె. వాడు నిద్రమత్తుల ఉన్నప్పుడు అందిస్తె జరంత తాగేటోడు, తెలివికొచ్చి నన్ను చూసి ఇడిచిపెట్టేటోడు. పాలు తగ్గుకుంట వచ్చినయి. బడిల రయికె తడుసుడు తగ్గింది. తోటి టీచర్లు, ఇంక నీకు సుఖమైందన్నరు. నేను తల ఊపిన.

మిరపకాయ ఏరుడు మొదలైనంక ఊర్లకు మేస్త్రి ఆటోలు వచ్చినయి. ప్రతి ఏడు ఖమ్మం దిక్కు కూలోళ్లను తీసుకపోతరు. ఇక్కడ బోర్లు ఎండినయి, చేన్లల్ల పని లేదు, చర్చి గల్లీల సగం ఇండ్లకు తాళాలు పడ్డయి. పోయే ముందు ఆమె వచ్చి నా కొడుకును ఎత్తుకొని, వీడేం చేస్తడో ఏమో అన్నది. అత్తమ్మ ఉండుమని అనలేకపాయె. ఉంటె తినుడెట్ల? ఆమె పెద్దపిల్లను తన తల్లి దగ్గర ఇడిచి, చిన్నదాన్ని ఎత్తుకొని ఆటో ఎక్కింది.

వాడు రెండు దినాలు మొత్తుకున్నడు. నేను బడికి సెలవు పెట్టి పొద్దంత వాన్ని రొమ్ముకే పట్టుకొని కూసున్న. వాడు చీకిండు, రాలేదు, ఏడ్చిండు. మళ్ల చీకిండు. చూసి చూసి, నకిరేకల్ పోయి మా ఆయన పాల డబ్బా తెచ్చిండు. అత్తమ్మ సీసను ఈసారి ఉడుకు నీళ్లల్ల మరగబెట్టింది. వాడు తాగిండు. ఆ తర్వాత నేను ఇయ్యలె, వాడు అడగలె.

ఎండలు ముదిరినంక చర్చి గల్లీ ఆమె తిరిగొచ్చింది. చేతులు తోలు లేసిపోయి ఎర్రగున్నయి. పిల్ల చిక్కిపోయి ఉన్నది, బిస్కెటు నములుకుంట కొత్త మనిషోలె నన్ను చూసింది.

"పాలియ్యవా ఇంక?" అని అడిగిన.

"ఎక్కడియ్యాలె అక్కా. కాయ ఏరి చెయ్యి ఎంత కడిగినా ఘాటు పోదు. రొమ్ముకు, రయికెకు అంతా అదే అంటుకున్నది. నోరు పెట్టంగనె మండి కెవ్వుమన్నది. నాలుగు దినాలు చూసిన. దగ్గరికి రాలె."

ఆమె గిది చెప్పుకుంట ఏడువలె. పిల్ల మూతి తుడిచి, కొట్టంల పెండ తీసెటందుకు పోయింది. అత్తమ్మ ఆమె ఎంట పోయి పిల్లకు గిలాసల బర్రెపాలు ఇచ్చింది.

పిల్లలు పెరిగిండ్రు. ఆ పిల్ల మా ఊరి సర్కారు బడిల చదువుతాంది, నా కొడుకు నా ఎంట ఆటోల వస్తడు. అత్తమ్మ పోయినేడు కాలం చేసింది. ఆమె చెప్పొద్దన్న మాట నేను ఇప్పటిదాంక దాటలె.

మొన్న వానకాలంల మా బడిల సైన్సు చెప్పే టీచరు కాన్పు అయి తిరిగి వచ్చింది. చేతులు కట్టుకొని నిలవడుడు చూసి నాకు సమజైంది. సారు కాడికి నేనే పోయిన. ఈసారి ఆయన కాదనలె. మెట్ల కింద ఆట సామాన్లు పెట్టే గది ఖాళీ చేపిచ్చి, కుర్చీ ఏపిచ్చిండు. వాళ్ల అమ్మ పగటీలి పిల్లను తీసుకొచ్చేది. కొన్ని దినాలు మంచిగ నడిచింది. గంతల వాళ్ల అమ్మకు మోకాళ్ల నొప్పి ఎక్కువై రాలేకపాయె. పిల్లను ఇడిచి ఉండలేక టీచరు బడి మానేసింది.

పోయిన వారం ఫోన్ చేసింది. పిల్ల ఇంకా పాలు తాగుతనే ఉన్నదట. సంతోషమైంది. గని ఇంటికాడ ఖాళీగ కూసున్నవని మాటలు పడుతున్నదట, బడిల జాగ ఏమన్న ఉన్నదా అక్కా అని అడిగింది. ఆమె జాగల కొత్తామె ఎప్పుడో చేరింది. ఆ మాట చెప్పబుద్ధి కాలె. సారును అడిగి చూస్తనన్న.