సుభద్రమ్మ టీచరు కాల్ బుక్కు

ఆ సాయంత్రం బడి హాల్లో ఉన్నవాళ్లు, ఉన్నవి: ప్రధానోపాధ్యాయుడు, ఆరుగురు టీచర్లు, పాత విద్యార్థులం ఇరవై ఇద్దరం, చామంతి దండ వేసిన ఫోటో ఒకటి, అంచులు చిరిగిన జంపఖానా ఒకటి, తిరగని ఫ్యాను ఒకటి, రిటైరైన రైల్వే మనుషులు ముప్పై ఒక్కరు. ఈ ముప్పై ఒక్కరిలో ఎవరూ ఆ బడిలో చదువుకున్నవాళ్లు కారు, పిల్లల్ని చదివించినవాళ్లు. చిన్న తరగతుల బెంచీల్లో మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నారు. చలికాలం కనుక అందరూ పాత యూనిఫాం కోట్లు వేసుకొచ్చారు. ఇంజను దిగి ఎన్నేళ్లయినా ఉన్ని బట్టను బొగ్గు పొగ వదలదు. తలుపులు మూసిన హాల్లో ఆ వాసన నిండిపోయింది. అది మా ఇంటి వాసన. నేను ఆ వాసనలో పెరిగాను. కానీ ఆ బెంచీల్లో మా నాన్న లేడు. సుభద్రమ్మ టీచరు పోయారు, సంతాప సభ ఉంది, రమ్మని అడిగితే, "ఆవిడకీ నాకూ ఏటి సమ్మందం?" అని నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో ఇంటి దగ్గరే ఉండిపోయాడు. అలా అనడానికి కారణం నేను. అది ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు.

టీచరును చూడనివాళ్ల కోసం చెబుతాను. ఆమె పొట్టిగా ఉండేవారు. నల్ల గొడుగు, మగవాళ్ల రిస్టువాచీ, కళ్లద్దాల డబ్బా, ఈ మూడూ లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. కళ్లద్దాలు ఎప్పుడూ ముఖానే ఉండేవి కనుక డబ్బాలో సుద్దముక్కలు పెట్టుకునేవారు. ఊరు బొబ్బిలి దగ్గర. భర్త గూడ్సు గార్డు. మాకు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో లెక్కలు చెప్పారు. కొట్టడం నేను చూడలేదు, పొగడటమూ చూడలేదు. లెక్క సరిగ్గా చేసినవాడి పక్కన ఆగి, ఇంకో దారి ఉందేమో చూడు అని ముందుకు వెళ్లిపోయేవారు. ఆ మాట కోసం మేము పోటీ పడేవాళ్లం.

అవి అరవై దశకం మొదటి సంవత్సరాలు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులోనూ లోకో షెడ్డులోనూ చేరినవాళ్ల పిల్లలమే బడిలో ఎక్కువ. ఏటా ఒక ఆదివారం పొద్దున్న పది గంటలకు తల్లిదండ్రుల సభ అని అచ్చు కాగితం ఇంటింటికీ పంపేవారు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు ముగ్గురు వచ్చారు: ఒక గుమాస్తా, ఒక కిరాణా కొట్టాయన, భజన ఉందనుకుని వచ్చిన ఒక తాతగారు. ఖాళీ కుర్చీలు సర్దుతున్న మాకు వినిపించేలాగే ప్రధానోపాధ్యాయుడు విసుక్కున్నారు, ఈ జనానికి పిల్లల చదువంటే శ్రద్ధ లేదని. సుభద్రమ్మ టీచరు ఒక కుర్చీ మడిచి గోడకు ఆనించారు.

"శ్రద్ధ లేక కాదు సార్. వాళ్లకి ఆదివారం లేదు," అన్నారు.

ఆ సంగతి ఆమెకు తన గుమ్మంలోనే తెలుసు. బండ్ల మీద వెళ్లే డ్రైవర్లకు, ఫైర్‌మేన్లకు, గార్డులకు వారం అనేది ఉండదు. బండి వేళకు రెండు గంటల ముందు కాల్‌మేన్ వచ్చి తలుపు కొట్టి, ఫలానా బండి, ఫలానా టైము అని చెప్పి పుస్తకం చాపుతాడు. అదే కాల్ బుక్కు. అందులో సంతకం పెట్టినవాడు వెళ్లి తీరాలి. మనిషి దొరక్కపోతే ఆ పేరుకెదురుగా కాల్‌మేనే కారణం రాసుకుంటాడు. మరుసటి సోమవారం సుభద్రమ్మ టీచరు ఒక పొడుగాటి నోటు పుస్తకం కొని ఏడు గళ్లు గీశారు: వరుస సంఖ్య, పేరు, క్వార్టరు, రోజు, టైము, సంతకం, కారణం. అందరికీ కలిపి ఒక సభ ఉండదు. ఎవరి డ్యూటీని బట్టి వాళ్లకి పావుగంట. పుస్తకం తిప్పడానికి నన్ను ఎంచుకున్నారు. నా రాత అచ్చులా ఉంటుందని, నిమ్‌పురా క్వార్టర్లు నాకు తెలుసని.

మొదట వెళ్లింది డ్రైవర్ సింహాచలం గారింటికి. తలుపు కొట్టి "బడి కాల్" అన్నాను. ఆయన బనీను మీదే బయటికి వచ్చాడు.

"ఏ బండిరా అబ్బీ? గూడ్సా, పాసింజరా?"

ఎనిమిదో తరగతి, బుధవారం మూడుంపావు అని చెప్పాను.

"రైట్ టైమేనా, లేటుగా నడస్తాదా?" అని నవ్వుతూనే పెన్సిలు అందుకున్నాడు. అలవాటు కొద్దీ వాచీ చూసి, సంతకం కింద టైము కూడా వేశాడు. బుధవారం ఇస్త్రీ యూనిఫాంలో మూడుకే వచ్చి వరండాలో నిలబడ్డాడు. ఆఫీసు పిలుపంటే ఆయనకు తెలిసింది ఛార్జిషీటు ఒక్కటే. లోపలికి వెళుతూనే, ఇందులో నా తప్పేటీ నేదమ్మా, పిల్లది వాళ్లమ్మ పోలిక అని మొదలుపెట్టాడు. టీచరు ఆయనను కూర్చోమన్నారు. మీ అమ్మాయి గురించి నాకు తెలియనిది మీకు తెలుసు, అది చెబుతారని పిలిచాను అన్నారు. ఆయన కాసేపు టోపీ తిప్పుతూ కూర్చున్నాడు. తరువాత పావుగంట కాస్తా ముప్పావుగంటయింది.

వెళ్లేముందు ప్రతి తండ్రికీ ఒక పని అప్పగించేవారు. సింహాచలం గారికి కూడబలుక్కుని చదవడం మాత్రమే వచ్చు. ఆయనకు అప్పగించిన పనిని నేను గుమ్మం పక్కనుంచి విన్నాను: "ఇంట్లో ఉన్న రోజు పాఠం మీకు చెప్పమనండి. అర్థం కాకపోతే కాలేదని చెప్పండి, మొహమాటపడకండి. మీకు అర్థమయ్యేలా చెప్పిన రోజున పిల్లకి వచ్చినట్టు." తన అజ్ఞానం కూడా బడికి పనికొస్తుందని అంతవరకూ ఆయనకు ఎవరూ చెప్పలేదు. ప్రమోషన్ వచ్చినవాడిలా నడుచుకుంటూ వెళ్లాడు. మూడు నెలలు తిరిగేసరికి షెడ్డులో ఎవరికి బడి కాల్ వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది కబురైంది. దారిలో నన్ను ఆపి, అక్కడి బెంగాలీ అలవాటుగా ఏం దాదా, మా నంబరెప్పుడు అని అడిగేవాళ్లు.

పుస్తకంలో ఏడో పేరు మా నాన్నది. అప్పన్న, సెకండ్ ఫైర్‌మేన్, ఇంజనులో బొగ్గు వేసే పని. జీతం కాగితం కోసం నేర్చుకున్న సంతకం తప్ప ఇంకో అక్షరం రాదు. బడి గేటు దగ్గర మేము మా ఇంటి మాటను వదిలేసి పుస్తకాల మాట తొడుక్కునేవాళ్లం. ఏటి, నేదు అన్నవాణ్ణి మిగతావాళ్లు వారం రోజులు వెక్కిరించేవారు. తరగతిలో ఫస్టు వచ్చేవాణ్ణి నేను. టీచరు అడిగితే నాన్న దాచుకోకుండా అన్నీ చెబుతాడు, అదీ ఆ మాటలోనే చెబుతాడు. గుమ్మం పక్కన నాలాగే ఇంకెవరైనా వింటారు. నేను ఇంటికి వెళ్లేసరికి నాన్న పెరట్లో తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. పుస్తకం చూపించలేదు. సంతకం గడి ఖాళీగా ఉంచి, కారణం గడిలో "లైన్ మీద ఉన్నారు" అని రాశాను. బండి మీద డ్యూటీకి వెళ్లారని అర్థం, రైల్వే ఊళ్లో ఆ మాటకు ఎదురు ప్రశ్న లేదు. టీచరు చదివి, సరే, మళ్లీసారి చూద్దాం అన్నారు. ఆ మళ్లీసారికీ అదే రాశాను.

కొన్నాళ్లకు నాన్న అన్నం తింటూ అడిగాడు, అందరికీ బడి కాల్ వస్తంటే మనకి రానేదేటి అని. చదువు రాని పిల్లల తండ్రుల్నే పిలుస్తారు అని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. మర్నాడు షెడ్డులో అందరికీ చెప్పుకున్నాడట, మా పిల్లల కోసం మాకు పిలుపు రాదు అని.

మరుసటి ఏడు మా చెల్లెలు పైడి ఎనిమిదిలోకి వచ్చింది. ఒకరోజు టీచరు నన్ను ఆపి, "మీ చెల్లెలు నేను అడక్కముందే రెండో దారి చూపిస్తోంది. ఆడపిల్లల్ని ఎనిమిదితో ఆపేస్తారు కదా, మీ నాన్నగారితో మాట్లాడాలి," అని పుస్తకంలో ఆయన పేరు తామే రాసి ఇచ్చారు. ఈసారి పిలుపు నా గురించి కాదని నాకు స్పష్టంగా తెలుసు. అయినా నాన్న ఒక్కసారి బడికి వెళితే వెనకటి అబద్ధాలు బయటపడతాయి. ఇంకో కారణం ఉంది, అదీ రాయాలి. అమ్మకు ఉబ్బసం. పైడి నీళ్లు మోసి, వంట చేసి పెట్టబట్టే నేను పుస్తకం ముందు నుంచి లేవకుండా చదువుకోగలిగాను. పైడి ఇంట్లో ఉండిపోతే నాకు ఇబ్బంది ఏమీ లేదు. మళ్లీ లైన్ మీద ఉన్నారని రాశాను. పరీక్షల ముందు టీచరు ఇంకోసారి పంపించారు. అప్పుడూ అదే రాశాను.

వేసవిలో పలాస నుంచి మేనత్త వచ్చి పైడిని తన కొడుక్కి అడిగింది. నాన్న రెండు రోజులు ఏమీ తేల్చలేదు. మూడో రోజు నన్ను బయటికి పిలిచి, పైడి గురించి టీచరమ్మ ఏమైనా చెప్పిందా అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"సింహాచలం కూతురి కోసం బడివోళ్లు రెండుపాల్లు కబురెట్టినారు. ఆడు తొమ్మిదిలో ఏసినాడు. మన పైడి కోసం ఒక్కపాలీ అడగనేదు. అంటే అక్కడ దాని అవసరం నేదనే కదరా," అన్నాడు. కోపంగా అనలేదు. బాగా చదివే పిల్లల కోసం పిలుపు రాదని నేను చెప్పిన మాట ఆయన మరిచిపోలేదనుకుంటాను. ఆ మాట మీద ఆడపిల్ల చదువు నిలబెట్టడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. ఆ సాయంత్రమే మేనత్తకు మాట ఇచ్చాడు.

బడి తెరిచాక తొమ్మిదో తరగతిలో పైడి కనిపించకపోయేసరికి టీచరు గొడుగు వేసుకుని మా ఇంటికే వచ్చారు. నాన్న ఆరోజు ఇంట్లో ఉన్నాడు. ఉన్న ఒక్క కుర్చీనీ పైపంచెతో తుడిచి వేశాడు. ఎన్నిసార్లు పిలిచినా మీరు రాలేదు అని ఆమె అంటే, మీరెప్పుడు పిలిచినారమ్మా అని నాన్న తెల్లబోయాడు. ఆమె వెంట తెచ్చిన కాల్ బుక్కు తెరిచి చివరి పిలుపు తేదీ చదివారు. ఆ రోజు కాలు కాలి సిక్ లీవులో ఉన్నాను, ఈ మంచం మీదే ఉన్నాను అన్నాడు నాన్న. టీచరు ఆ గడిలోని రాతను చూశారు. తరువాత నన్ను చూశారు. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె పుస్తకం మూశారు.

"పొరపాటు నాది అప్పన్నగారూ. నేనే స్వయంగా రావలసింది. ఇప్పుడైనా పంపించండి."

నాన్న పైపంచె భుజాన వేసుకున్నాడు. "మాట ఇచ్చేసినాను టీచరమ్మా. మాకు సంతకం ఎంతో మాటా అంతే," అన్నాడు. తలుపు చాటున పైడి బియ్యం ఏరుతోంది. చేట చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది.

నేనప్పుడు పదకొండో తరగతి; మర్నాడు బడిలో నన్ను తిడతారని ఎదురుచూశాను. టీచరు ఎప్పటిలాగే పుస్తకం నా చేతికిచ్చారు, ఈరోజు ఐదిళ్లు అని. నేను కదలకుండా నిలబడ్డాను. "మీ నాన్నగారికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను," అన్నారు. ఎప్పటిలోగా అని గడువు పెట్టలేదు. ఆ తరువాత ఎప్పుడూ అడగలేదు కూడా. డిప్లొమా పూర్తయి, వర్క్‌షాపు డ్రాయింగ్ ఆఫీసులో చేరిన రోజున ఆ కబురు చెప్పడానికి ఆమె దగ్గరికి వెళితే, ఏ సెక్షను, ఎవరి కింద అని అడిగి ఊరుకున్నారు. నేను చెప్పానని అనుకున్నారో, చెప్పలేదని గ్రహించారో నాకు తెలియదు. తెలుసుకునే వీలు ఇప్పుడు లేదు. ఆమె నిందను తన మీద వేసుకున్నది మా నాన్న ముందు కొడుకు పరువు నిలబెట్టడానికి. నేను దాన్ని పదమూడేళ్లు ఆమె మీదే ఉండనిచ్చాను. పలాస నుంచి పైడి ఉత్తరం వచ్చినప్పుడల్లా, పక్కింటివాళ్లు చదువుకున్న కూతుళ్ల గురించి చెప్పినప్పుడల్లా, ఆ టీచరమ్మ ఏలకి కబురెట్టుంటే మా పైడీ చదువుకునేది అని నాన్న అంటూనే ఉన్నాడు. నేను అక్కడే కూర్చుని వింటూనే ఉన్నాను. ఆఫీసులో ఏ రిజిస్టరులోనైనా కారణం అనే గడి వస్తే, ఇప్పటికీ ఆ మనిషి దగ్గరికి నేనే వెళ్లి అడిగి వచ్చి రాస్తాను. పక్క టేబులువాళ్లు దాన్ని చాదస్తం అంటారు.

సంతాప సభలో సింహాచలం గారు లేచి తన మొదటి బడి కాల్ గురించి రెండు మాటలు చెప్పి కూర్చున్నాడు. నేను మాట్లాడతానని పేరు ఇచ్చాను. నా వంతు రాకముందే లేచి ఇంటికి వచ్చేశాను. దీపాలు పెట్టే వేళ. నాన్న వరండాలో బీడీ కాలుస్తున్నాడు. నేను తిప్పిన ఆ కాల్ బుక్కులో నీకూ పిలుపు వచ్చేది, నేనే నీకు చూపించలేదు, లైన్ మీద ఉన్నావని రాసేవాణ్ణి అని నిలబడే చెప్పాను. ఎందుకు అని ఆయన అడగలేదు. బీడీ ఆరిపోయింది. మళ్లీ ముట్టించలేదు.

"ఆవిణ్ణి ఇన్నేళ్లు అన్నాను రా. నీ ముందే అన్నాను," అన్నాడు.

ఆరిన బీడీని పక్కన పెట్టాడు. "ఎన్నిపాల్లు పిలిచినాది?" అని అడిగాడు.

నా కోసం రెండు, పైడి కోసం రెండు. నాలుగు అని చెప్పాను.