ప్రభువు బల్ల దగ్గర

తప్పెవరిదని నన్ను ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. పొలం గట్టు జరిపింది మా అన్న. మాటలు మానేసింది ఇద్దరమూ. రాజీపడేదాకా ప్రభువు బల్లలో, అంటే గుళ్లో పంచే రొట్టెలో, ద్రాక్షరసంలో, భాగం లేదని పాస్టరుగారు ఇద్దరినీ ఆపేశారు.

ఆ కరువేడు డోన్ స్టేషన్లో నా పక్కన కూర్చున్న ముసలమ్మ, ముందురోజే బాప్తిస్మం తీసుకున్నానని చెప్పింది. వాగు ఎండిపోతే సంఘమంతా తలా ఒక బిందె మోసుకొచ్చి, ఆమెను ముంచడానికి తొట్టి నింపారట. తాగడానికే లేని నీళ్లు! పసిబిడ్డగా ఉన్నప్పుడు నా బాప్తిస్మానికి నెత్తిన చిలకరించినవి నాలుగు చుక్కలు. నాకు కడుపు మండిపోయింది.

"రొట్టె గూడా ఇచ్చిరప్పా. ఇంత ముక్కే, అయినా శానా తిన్నట్లుండాది. మీ గుళ్లో నీకియ్యరా?"

మా తగాదా అంతా చెప్పాను. ఆమె నవ్వింది.

"ఆకలి నీదైతే, మీయన్న వచ్చేదాకా కూచోనుంటావేమప్పా? నువ్వే పో."

ఆమె రైలెక్కి వెళ్లిపోయింది. నేను మాత్రం అన్న దగ్గరికి పోలేదు. గట్టు జరిపింది నేను కాదు గదా! అయినా రొట్టె పళ్లెం నన్ను దాటిపోయిన ప్రతిసారీ, అవతలి వరుసలో అన్న ఖాళీ చేతులవైపే చూస్తాను.

అన్నా, నీకు ఆకలి కావడం లేదా? జవాబు చెప్పు.