రొయ్య ఫొటోకు కొన్న రింగ్ ఫ్లాష్

పదవీ విరమణకు మూడేళ్ల ముందు నన్ను అల్లూరులోని ఒక రొయ్యల పరీక్షా కేంద్రానికి సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌గా వేశారు. జబ్బు అనుమానమున్న రొయ్యను దగ్గరగా ఫొటో తీసి నెల్లూరు నిపుణుడికి పంపాలి. రొయ్యల గుంట ఖాళీ చేయాలో ఉంచాలో ఆయన చెబుతారు.

కెమెరా సామాను ఎంపికకు ముగ్గురితో కమిటీ వేశారు. మనవరాలి బారసాలకు వాడిన జూమ్ లెన్స్ చాలన్నారు మా సూపరింటెండెంటు గారు. పాపకూ రొయ్యకూ ఆయన పెద్దగా తేడా చూడలేదు. నేను గ్రంథాలయంలో ఫొటోగ్రఫీ పుస్తకాలు చదివినవాణ్ణి. చిన్న వస్తువును సెన్సరు మీద అసలు సైజులో పడేసేది మాక్రో లెన్స్ అనీ, అరవై మిల్లీమీటర్లదైతే రొయ్యకు మరీ దగ్గరగా పోవాలి గనుక మన నీడే పడుతుందనీ, నూరుదైతే జానెడు దూరం దొరుకుతుందనీ వివరించాను. లెన్స్ చుట్టూ బిగించే రింగ్ ఫ్లాష్ కూడా కావాలన్నాను. భోజనాల వేళ కావడంతో ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

గుంట కౌలుకు చేసే సువార్తమ్మ గారు ఒక పొద్దున బకెట్లో రొయ్యలు తెచ్చారు. గట్టు పక్కన రెండు చచ్చి తేలాయట. ఫొటో పంపాను. తెల్లమచ్చ జబ్బు స్పష్టంగా ఉంది, వైరస్ పరీక్ష ఫలితం దాకా ఆగొద్దు, గుంటలోని రొయ్యలన్నీ ఈరోజే పట్టించేయమని నిపుణుడు ఫోన్లో చెప్పారు.

“నలబై దినాల పిల్లలు సార్. ఎవురు కొంటారు?” అంటూనే ఆమె వలవాళ్లకు కబురు పెట్టారు. ఫొటో ఎంత స్పష్టంగా వచ్చిందో చూడమని నేను కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాను. ఆ సమయంలో ఆమెకు కావలసింది అదే అన్నట్టు.

ఆమె చాలాసేపు చూశారు. “ఏంది సార్, మచ్చలన్నీ గాజుల మాదిరి గుండ్రంగా, నడాన బోలుగా ఉండాయి? మీ లైటు గూడా అట్నే ఉందే.”

అది తడి పెంకు మీద ఫ్లాష్ మెరుపు కాదని చెప్పబోయాను. ఆమె అప్పటికే ఒక రొయ్య తలపెంకు ఒలిచి, తుడిచి, కిటికీ ఎండకు పట్టారు. “మచ్చుంటే పెంకులోనే ఉంటాది. మీరే చూడండి.”

పెంకు తేటగా ఉంది. ఫ్లాష్ తీసేసి, పక్కనుంచి వెలుగు వేసి, ట్రేసింగ్ కాగితం అడ్డంపెట్టి మళ్లీ తీస్తే మచ్చల్లేవు. ఆ ఫొటో పంపాను. నిపుణుడు మాట మార్చుకున్నారు. ఆమె వలవాళ్లను వెనక్కి పంపారు. మరునాడు వైరస్ పరీక్షలోనూ ఏమీ లేదని తేలింది.

దగ్గరి ఫొటోకు లెన్స్ కంటే ముందు వెలుగును ఎంచుకోవాలి. తడి వస్తువును తుడవాలి. మచ్చ రొయ్యదో దీపానిదో తేలేదాకా ఫొటో పంపకూడదు. తేల్చడానికి పెంకు ఒలిచి ఎండకు పడితే చాలు. ఎండకు టెండరు పిలవక్కర్లేదు.