మేస్త్రి వదులు చెయ్యని స్క్రూ

ఆదివారం క్లబ్బు కమిటీ ముందుకు వచ్చి నిజం చెబుతానని మేస్త్రికి మాటిచ్చాను. వెళ్లలేదు. అది జరిగి ముప్పై ఏళ్లు దాటింది. మొన్న మంగళవారం ఉదయం ఆయన కొడుకు రేణిగుంట నుంచి ఫోన్ చేసి, "నాయన పోయినాడు సార్, నగరిలో" అన్నాడు. మధ్యాహ్నానికల్లా మా రైఫిల్ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే బొమ్మలు వరసకట్టాయి. "వారి సేవలు మరువలేనివి" అని ఒకరు రాశారు. ఆ సేవలను మరిచిపోవడానికి ఆ క్లబ్బుకు ఒక్క తీర్మానం సరిపోయింది. దాని కింద సంతకాలు చేసినవాళ్లలో ముగ్గురు ఇంకా బతికే ఉన్నారు.

మేస్త్రి చిత్తూరులో మా క్లబ్బు తుపాకులు బాగుచేసేవాడు. గురి కొట్టే రేంజి వెనక రేకుల గదిలో ఉండేవాడు. ఆయన దగ్గర ఎప్పుడూ కిరసనాయిలు వాసన. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, కాల్చేసిన ఖాళీ తూటాలు నాలుగైదు ఉండేవి. మా క్లబ్బులో వాడే పాయింట్ టూ టూ తూటా చాలా చిన్నది. దానికి నిప్పు అంటుకునేది అడుగున మధ్యలో కాదు, చుట్టూ ఉన్న అంచులో. పిన్ను వచ్చి ఆ అంచును కొడుతుంది. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఆ దెబ్బ తుపాకీ గొట్టానికే తగులుతుంది. అందుకే పరీక్షకు ఖాళీ తూటా పెట్టేవాడు. ఎవరైనా ఊరికే టకటకలాడిస్తే, "ఏమప్పా, మీ మామ పెట్టిన రేడియోనా అది, తిప్పుకుంటా కూసునేదానికి?" అనేవాడు.

మా అన్న దగ్గర లైసెన్సున్న పాత విదేశీ రైఫిల్ ఉండేది. గొట్టం ఒకటే, ట్రిగ్గర్లు మాత్రం రెండు. కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, రెండో ట్రిగ్గర్ రెండో తూటాకు అనుకున్నాను. మేస్త్రి నవ్వలేదు. చెక్క విప్పి చూపించాడు.

"సూడండి అయ్యోరా. ఎనకది లాగితే లోపల స్ప్రింగు బిగుసుకోని కొక్కేనికి తగులుకుంటాది, ఎలకబోను మాదిరి. దాన్నే సెట్ చేసేదంటారు. ఇంగ ముందరిదాన్ని ఏలితో తాకితే సాలు, కొక్కెం జారతాది, స్ప్రింగు పోయి తంతాది. తాకేది ఏలు, తన్నేది స్ప్రింగు. బలంగా లాగే పన్లేదు గాబట్టి గురి కదల్దు."

రెండు ట్రిగ్గర్ల మధ్య చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని బిగించేకొద్దీ కొక్కెం కొసకు వస్తుంది, ముందరి ట్రిగ్గర్ తేలికవుతుంది. వదులు చేసేకొద్దీ బరువవుతుంది. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. స్క్రూ సర్దాక మేస్త్రి ఖాళీ తూటా పెట్టిన రైఫిల్‌ను సెట్ చేసి, తుపాకీ మడమను పలక మీద మూడుసార్లు గుద్దేవాడు. ఆ కుదుపుకు కొక్కెం జారి ఒక్కసారి టక్కుమన్నా ఇంకాస్త వదులు చేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. అన్న రైఫిల్‌ను కూడా అలాగే పరీక్షించి ఇచ్చాడు.

క్లబ్బు పోటీకి ముందురోజు బంగారుపాళ్యంలో, మా అన్న మామిడితోట షెడ్డులో, నా కళ్లముందే అన్న ఆ స్క్రూను పావు చుట్టు బిగించాడు. "మేస్త్రికి బయమెక్కువరా. ఇంత బరువు పెడితే గెలిచేది యాడ?" అన్నాడు. నేను వద్దనలేదు.

మరునాడు అన్న చాప మీద బోర్లా పడుకుని, వెనక ట్రిగ్గర్ లాగి, మోచెయ్యి సర్దుకున్నాడు. ఆ కుదుపుకే, వేలు ముందరిదానికి తగలకముందే పేలింది. తూటా సిమెంటు గట్టుకు తగిలింది. పెచ్చు ఎగిరి పక్క చాప మీదున్న కాలేజీ అమ్మాయి కనుబొమ్మను కోసింది. నాలుగు కుట్లు పడ్డాయి, కన్ను దక్కింది. అన్న లేచి మొదట చేసిన పని రేకుల గది వైపు చెయ్యి చూపించడం.

"వాడే! స్క్రూ వదులు చేసి ఇచ్చినాడు!"

ఆ సాయంత్రమే నేను మేస్త్రి దగ్గరికి వెళ్లి చూసింది చెప్పాను, ఆదివారం కమిటీకీ చెబుతానన్నాను. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున అన్న మా ఇంటికి వచ్చాడు. "నాయన పోయినాక నిన్ను సదివించింది ఎవుర్రా?" అని అడిగాడు. అంతే. నేను ఇంట్లో కూర్చుని పుస్తకం చదువుకున్నాను. ఏ పుస్తకమో కూడా గుర్తుంది, చెప్పను.

కమిటీలో ఒక వకీలు, ఒక డాక్టరు, ఇద్దరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల యజమానులు. "మెకానిక్ స్క్రూను వదులు చేసినందున ప్రమాదం జరిగింది" అని రాసి మేస్త్రిని తీసేశారు. వదులైతే ఆ రైఫిల్ అలా పేలదని ఆ గదిలో ఒక్కడికీ తెలియదు. చెప్పగలిగిన మేస్త్రిని లోపలికి పిలవలేదు.

పదేళ్ల తర్వాత నగరిలో కనిపించాడు, మరమగ్గాల షెడ్డులో, చేతిలో స్పానరుతో. ఆ చప్పుడులో నేను క్షమాపణ అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆయన నన్ను టీ కొట్టుకు లాక్కెళ్లాడు.

"ఇంగా దాన్నే పట్టుకోనుండారా అయ్యోరా? తీసేసినారు, సరే. కూడు తింటానే ఉండాను. ఆ కాయితంలో వదులు అని రాసినారు సూడండి, ఆ మాట కొట్టేయమనండి. రేపు పని తెలిసినోడెవుడన్నా సదివితే, వీడికి బిగించేదేదో వదులు చేసేదేదో తెలీదా అని నవ్వతాడు."

అన్నను అడిగాను. అప్పటికే క్లబ్బు అధ్యక్షుడు. "పాత కాయితాలు ఎవురు సదవతారు పో" అన్నాడు. ఏటా ఆయుధపూజ నాడు మేస్త్రి ఫోన్ చేసి, "కొట్టేసినారా?" అని ఒక్క మాట అడిగేవాడు. కొన్నేళ్లకు అది మానేసి మగ్గాల సంగతులు చెప్పేవాడు. మానేసిన తర్వాతే నాకు ఎక్కువ కష్టమైంది.

నిన్న అన్న ఫోన్ చేశాడు. ఎనభై దాటినా గొంతు గట్టిదే. "నువ్వు బాగా రాస్తావు గదరా, మేస్త్రి గురించి నాలుగు మంచి మాటలు రాయి. క్లబ్బు సంచికలో ఏస్తాం."

రాశాను. అక్కడ వెయ్యరని తెలిసి ఈ పత్రికకు పంపుతున్నాను. ఆ తీర్మానంలో "వదులు చేసినందున" అన్నచోట "బిగించినందున" అని దిద్దండి. "మెకానిక్" అన్న మాట కొట్టేయండి. ఆ ఆదివారం నేను ఇల్లు కదలకపోవడం నా తప్పు, దాన్ని ఎవరికీ పంచను. కానీ నగరిలో ఒక ముసలాయన ఏటా ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తుంటే, ఒక్క మాట కొట్టెయ్యడానికి ఇరవై ఏళ్లలో పెన్ను మూత తియ్యనివాడు ఒకడున్నాడు. మా అన్న.