సహాయ నిరాకరణకి సగం మార్కులు

నా చిన్నప్పుడు, రాజాం దగ్గర మా ఊరి బడిలో ఆడపిల్లలకి చదువు కాక మరో పని కూడా ఉండేది. సాయంత్రం గంట కొట్టగానే మగపిల్లలు చెడుగుడుకి పరుగెత్తేవారు. మేం నలుగురం ఆడపిల్లలం నూతి దగ్గర నుంచి సోషల్ మాస్టారింటికి తలా రెండు బిందెల నీళ్లు మోసేవాళ్లం. గురువుగారికి సేవ చేస్తే చదువొస్తుందని అందరూ అనేవారు. నాకు మెడనొప్పి మాత్రం వచ్చింది.

ఇంట్లో చెప్పుకునే వీల్లేదు. నాన్న లేడు. "బడి కాడి నుంచి ఒక్క మాటొచ్చినా కలుపుకి తోలీస్తాను" అని అమ్మ ముందే తేల్చేసింది. వరిచేలో కలుపు తీయడానికి నాకు భయం లేదు, బడి పోతుందనే భయం. అందుకే ఇంటికి ఆలస్యమైతే ఆడుకున్నానని అబద్ధం చెప్పేదాన్ని.

అరవైల చివర, నేను ఏడో తరగతి. ఆ మాస్టారే స్వాతంత్ర్య పోరాటం చెబుతుంటే ఒళ్లు పులకరించేది. తెల్లదొర బలమంతా తుపాకీలో లేదు, అతని పల్లకీ మోసిన మన భుజాల్లో ఉంది, భుజం తీసేస్తే దొర నేల మీదే అనేవారు. ఆ మాట విన్న సాయంత్రమే ఆయన బిందె నెత్తికెత్తుకున్నాను. కడుపు మండిపోయింది.

మూడు నెలల పరీక్షలో, సహాయ నిరాకరణ అంటే ఏమిటో ఉదాహరణతో రాయమన్నారు. మాస్టారింటికి నీళ్లు మోయకపోవడం అని రాసేశాను. కోపంలో రాశాను, పేపరు ఇచ్చేశాక గానీ భయం వేయలేదు.

పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు ఆయన నా జవాబు పైకి చదివారు. నవ్వబోయిన పిల్లలు ఆయన మొహం చూసి నోరు మూసుకున్నారు. బెత్తం తీస్తారనుకున్నాను, తీయలేదు. పదికి ఐదు వేశారు. నాకు ఉక్రోషం ఆగక "తప్పేటి మాస్టారూ?" అని లేచాను.

"జవాబు తప్పు కాదే. మరి నిన్న మా ఇంటికి నీళ్లెవరు తెచ్చినారు? రాసీసి ఊరుకుంటే సరిపోతాదేటి?" అన్నారు.

నేర్పడానికే అన్నారో, ఒళ్లు మండి అన్నారో నాకిప్పటికీ తెలీదు. ఆ సాయంత్రం ఆయన అరుగు మీద ఖాళీ బిందె బోర్లించి వచ్చేశాను. మిగతా ముగ్గురూ నన్ను చూసి వాళ్లవీ బోర్లించారు.

దీపాలు పెట్టకముందే మాస్టారి భార్య మా గుమ్మంలో ఉంది. అప్పుడే చేలోంచి వచ్చిన అమ్మ బురదకాళ్లతోనే నిలబడి ఆవిడ చెప్పిందంతా వింది. నా వైపు తిరిగింది. నా చదువు ఆ పూటతో సరి అనుకున్నాను.

"ఎన్నాళ్ల నుంచి మోస్తన్నావే?" అని అడిగింది.

రెండేళ్లన్నాను. అమ్మ ఆవిడ వైపు తిరిగి, "మా గుంట బడికొస్తన్నాది సదువుకమ్మా, మీ నీళ్లకి కాదు. రేపూ వస్తాది. ఎవులాపుతారో సూస్తాను" అంది.

మర్నాడు వెళ్లాను. ఎవరూ ఆపలేదు. మాస్టారు కావిడి ఒకటి తెచ్చుకుని, మా వైపు చూడకుండా తన నీళ్లు తానే మోసుకున్నారు. మిగతా ఐదు మార్కులు ఆయన వేయలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత అత్తవారింట్లోనూ, ఉద్యోగంలోనూ నా నెత్తిన ఏదో ఒకటి పెట్టబోయినవాళ్లు చాలామందే ఉన్నారు. అందరూ తీయని మాటలే చెప్పారు. అందరికీ ఒకటే చెప్పాను, మొయ్యనని. ఆ మాట మొదటిసారి అనడమే కష్టం. ఆ కష్టం నాకు పన్నెండో ఏటే తీరిపోయింది.