వంద వోల్టుల పెట్టె

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా చెబితే వినేసి, లోపల నవ్వుకునే రకం నేను. విజయనగరంలో మాది కరెంటు సామాన్ల కొట్టు. స్విచ్ వేస్తే బల్బు వెలగాలి, వెలగకపోతే దానికో కారణం ఉండాలి. కిందటేడాది జరిగిన ఈ ఒక్కదానికి మాత్రం నాకు కారణం దొరకలేదు.

మా బావమరిది ఓడల్లో పనిచేస్తాడు. సెలవుకు వస్తూ మా అమ్మాయి హారిక కోసం ఒక చిన్న గిటార్ ఆంప్ తెచ్చాడు. అంటే గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె. జపాన్ రేవులో పాత సామాన్ల దుకాణంలో కొన్నాడట. ఓడలో తన గదిలో రోజూ వాయించానని, బాగా పలుకుతుందని చెప్పాడు.

దాని ప్లగ్గుకు రెండు చదును పిన్నులున్నాయి. మన సాకెట్లో పట్టవు. నేనే కొట్లోంచి అడాప్టర్ తెచ్చి తగిలించాను. పెట్టె వెనక ఏం రాసుందో చూడలేదు. రోజూ ఇవే అమ్ముకునేవాణ్ణి, అయినా చూడలేదు.

ఆ రోజు ఆదివారం, ఉదయం పదిన్నర. మా ఆవిడ అప్పుడే హాలు కడిగింది. తడి నేల మీద హారిక ఉత్త కాళ్లతో, పెట్టెకు తగిలించిన గిటార్ పట్టుకుని నిలబడింది. నేను గోడ మీది స్విచ్ మీద వేలు పెట్టాను. ఫోన్ మోగింది.

సాలూరు సింహాచలం గారి నంబరు. లారీల కరెంటు పనులు చేసే పెద్ద మెకానిక్ ఆయన. మోటార్లకు చుట్టే రాగి తీగ మా దగ్గరే కొంటారు. ఇరవై ఏళ్ల పరిచయం. నెల్లాళ్లుగా కొట్టుకు రాకపోతే పనుల్లో ఉన్నారనుకున్నాను.

ఆయన గొంతు ఎప్పటిలాగే నిదానంగా వినిపించింది.

"బాబూ, ఆ పెట్టెకి కరెంటు ఇయ్యకు. అది వంద వోల్టులది. యెనక్కి తిప్పి సూడు."

ఏ పెట్టె అని అడిగేలోపే కట్టయింది. తిరిగి చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది.

పెట్టె తిప్పి చూశాను. జపాన్ అక్షరాల మధ్య వంద వోల్టులు అని స్పష్టంగా ఉంది. అక్కడి ఇళ్లకు వచ్చే కరెంటు అంతే. మనకు వచ్చేది రెండు వందల ముప్ఫై. ఓడలో మా బావమరిది పెట్టుకున్న సాకెట్ తక్కువ వోల్టులది కాబట్టి నడిచింది.

మర్నాడు సౌండ్ సిస్టమ్‌లు బాగుచేసే అతను దాన్ని విప్పాడు. లోపల ఫ్యూజు లేదు. దాని బదులు ఎవరో వైరు ముక్క చుట్టేశారు. ఇంకో వైరు పైతొడుగు ప్రయాణంలో ఊడినట్టుంది, రాగి తీగ పెట్టె లోపలి ఇనప రేకుకు తగులుతోంది. స్విచ్ వేసి ఉంటే గిటార్ తీగల్లోకి కరెంటు వచ్చేదని చెప్పాడు.

ఆ సాయంత్రమే కృతజ్ఞతలు చెప్పాలని సాలూరు వెళ్లాను. సింహాచలం గారు మంచం మీద ఉన్నారు. పక్షవాతం. కుడి చెయ్యి కదలడం లేదు. నేను జరిగింది చెబుతుంటే ఆయన భార్య మధ్యలోనే ఆపింది.

"ఆయనకి నోట మాట పడిపోయి ఇరవై రోజులయినాది బాబూ. ఫోను బీరువాలోనే ఉన్నాది. సార్జింగు ఎవులు పెడతారు?"

బీరువా తీసి చూపించింది. ఫోన్ చచ్చిపడి ఉంది. నా ఫోన్‌లో మాత్రం ఆదివారం ఉదయం పది గంటల ముప్ఫై రెండు నిమిషాలకు ఆయన పేరుతో కాల్ వచ్చినట్టు, పదకొండు సెకన్లు మాట్లాడినట్టు ఉంది. ఆమెకు చూపించాను. అది చూసి ఆవిడ మంచం పక్కన కూర్చుండిపోయింది.

మీకెలా తెలిసిందని ఆయన్ని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు ఆ పెట్టె బాగుచేయించి, మన కరెంటును వంద వోల్టులకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం. హారిక రోజూ వాయిస్తోంది.

ఐదు నెలలకు సింహాచలం గారికి మాట తిరిగొచ్చింది. హారికను తీసుకుని వెళ్లి మళ్లీ అదే అడిగాను.

"నాకేటీ గురుతు లేదు బాబూ," అన్నారాయన ముక్కలు ముక్కలుగా. "పిల్ల బాగున్నాది. అది సాలు."

హారిక ఆయన కాళ్లకు దండం పెట్టింది. తర్వాత నేనూ పెట్టాను. ఆ దండం ఆయనకే చెందిందో, ఆ రోజు ఆయన గొంతుతో మాట్లాడిన వాళ్లకు చెందిందో ఇప్పటికీ నాకు తెలీదు. ఎవరికి చెందినా, మనస్ఫూర్తిగానే పెట్టాను.